పుస్తకంలో వంటలన్నీ చేసి మార్కులు వేయాలంటే: మార్కు పుస్తకానికా, మన చేతికా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమ్మ ఇచ్చిన పాత తెలుగు వంటల పుస్తకంలో 240 వంటలున్నాయి. వాటిని వరసగా ఏడాదిలో వండేసి, ఒక్కోదానికి అయిదుకి ఇన్ని అని మార్కులు వేద్దామనుకున్నారు. నెలలో 19 చేశారు. దాదాపు అన్నిటికీ 4 పడింది. ఉండేది బెంగళూరు, ఇంట్లో తినేది ఇద్దరే. అసలు ఈ మార్కులకి అర్థం ఉందా, ఎలా వేస్తే ఉంటుంది అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఏడాది గడువు తీసేయండి. మొదటిసారి వండినప్పుడు మార్కు వేయకండి. వేసేటప్పుడు ఒకటి కాదు, రెండు వేయండి. పుస్తకం చెప్పిన పద్ధతికి ఒకటి, తిన్నవాళ్ళ తీర్పుకి ఒకటి. మీకు అన్నీ నాలుగులే రావడానికి కారణం ఈ రెండూ కలిసిపోవడం. వంట బాగా కుదిరితే పుస్తకం గొప్పదనుకుంటాం, కుదరకపోతే మన చేతిలోనే ఏదో లోపం అనుకుంటాం. ఎటూ తేలక మొహమాటానికి ఒక 4 పడేస్తాం. నేనూ మొదటి ఏడాదికి పైగా అదే చేశాను.

నా సంగతి కాస్త చెప్పాలి. మాది తెనాలి పక్క పల్లె, మెట్టినిల్లు హనుమకొండ. 2011 సంక్రాంతికి ఇలాంటి పనే మొదలుపెట్టాను. పుస్తకం మా అమ్మ పెళ్ళికి ఎవరో చదివించినది. అట్ట ఎప్పుడో పోయింది, మొదటి ఆరు పేజీలు కూడా లేవు, కాబట్టి రాసిన మహాతల్లి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అందులో 268 వంటలు. నేనూ ఏడాదే అనుకున్నాను. పట్టింది దాదాపు అయిదేళ్ళు. 257 దగ్గర ఆపేశాను. మిగిలిన పదకొండూ ఎందుకు వదిలేశానో తర్వాత చెబుతాను.

మొదట సున్నుండల కథ వినండి. మీకు నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు అందులోనే ఉంది.

పుస్తకంలో లెక్క ఇది: మినుములు 1 శేరు, బెల్లం 20 తులాలు, నెయ్యి 10 తులాలు. తులం అంటే 11.66 గ్రాములని నాకు తెలుసు, అక్కడిదాకా బాగానే ఉంది. శేరు ఎంత అని మా అత్తయ్యగారిని అడిగాను. ఎనభై తులాలు అన్నారు. అంటే 933 గ్రాములు. సరే అని కిలోకి కాస్త తక్కువగా మినుములు వేయించి, మరపట్టించి, 233 గ్రాముల బెల్లం, 117 గ్రాముల నెయ్యి కలిపాను. ఉండ కట్టలేదు. పిండి పిండిగా రాలిపోయింది. నోట్లో వేసుకుంటే తీపే తెలియదు. పుస్తకం పక్కన పెన్సిల్‌తో "1" వేశాను. కోపంలో ఆ ఒకటి కింద గీత కూడా గీశాను.

ఏడాది దాటాక మా అమ్మ వచ్చింది. ఆ గీత చూసి, "శేరెంత వేశావే?" అంది. చెప్పాను. నవ్వి, "ఎనభై తులాల శేరు వాళ్ళది. మనది ఇరవైనాలుగు తులాలు" అంది. మద్రాసు రాష్ట్రపు తూకాల్లో శేరంటే 24 తులాలు, అంటే 280 గ్రాములు. అయిదు శేర్లు ఒక వీశె, అంటే 1.4 కిలోలు. పుస్తకం కోస్తా ఆవిడ రాసినది, నేను కొలిచింది నైజాం శేరుతో. 280 గ్రాముల మినుములకి 233 గ్రాముల బెల్లం వేస్తే ఉండ చక్కగా నిలబడింది. తీపి సరిపోయింది. మా అత్తయ్యగారు మూడు తిన్నారు.

ఇప్పుడు ఆ "1" ఎవరికి పడిందంటారు? వంటకి కాదు, పుస్తకానికీ కాదు. అత్తయ్యగారు చెప్పిందీ తప్పు కాదు. పేజీ పక్కనున్న ఒంటి అంకె ఈ సంగతులేవీ చెప్పదు. ఆవేళే నేను ఒక మార్కుని రెండు చేశాను.

కొలతల గురించి. మీ పుస్తకం ఏ కాలంనాటిదో ముందు చూసుకోండి. 1956లో తూనికల చట్టం వచ్చి, 1960ల మొదటికల్లా మనకి కిలోలు, లీటర్లు స్థిరపడ్డాయి. అంతకు ముందు పుస్తకాల్లో తూకానికి తులం, పలం, శేరు, వీశె ఉంటాయి. కొలపాత్రలకి గిద్దె, సోల, తవ్వ, మానిక ఉంటాయి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సోల అసలు ఎన్ని మిల్లీలీటర్లు అని తల బద్దలు కొట్టుకోకండి. ఒక వంటలో అన్నీ సోలల్లోనే ఉంటే మీ ఇంట్లో ఉన్న ఏ గ్లాసునైనా సోల అనుకుని చేసేయొచ్చు, పాళ్ళు తప్పవు. చిక్కల్లా ఒకటి సోలల్లో, ఇంకొకటి తులాల్లో ఉన్నప్పుడే. అలాంటి వంటల పక్కన నేను చిన్న త్రిశూలం గుర్తు పెట్టుకున్నాను, జాగ్రత్త అని. పుస్తకం కొత్త ముద్రణ అయితే ఇంకో ప్రమాదం ఉంది. శేరు ఉన్న చోటల్లా కిలో అని మార్చేసి, తులాలని అలాగే వదిలేసినవి చూశాను. మా పక్కింటావిడ అలాంటి పుస్తకం చూసి బొబ్బట్లు చేయించి, పూర్ణం చప్పగా ఉందని వాళ్ళమ్మాయి మీద విసుక్కున్నారు. పాపం, ఆ పిల్ల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే వేసింది.

ఇక "సరిపడా", "తగినంత", "చిటికెడు", "నిమ్మకాయంత చింతపండు". పాత పుస్తకాల మీద అందరి ఫిర్యాదూ ఇదే. నేను దీన్ని ఫిర్యాదుగా చూడను. ఆవిడ ఉప్పు ఎంత వేయాలో చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆవిడ కూతురికి అది తెలుసు. మనకి తెలియదు, అంతే. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం ఒకటి చెబుతాను, బహుశా మీకు అన్నిటికంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. వంటింటి త్రాసు ఒకటి కొనండి. వంట మొదలుపెట్టే ముందు ఉప్పు డబ్బాని తూచి రాసుకోండి. వంటంతా మీ చేతివాటంగా, రుచి చూసుకుంటూ చేయండి. అయ్యాక డబ్బాని మళ్ళీ తూచండి. తేడా ఎంతో అదే మీ ఇంటి "సరిపడా". కారం డబ్బాకీ, బెల్లానికీ, నూనె సీసాకీ ఇదే పద్ధతి. చెంచాతో కొలుస్తూ వండితే చేతికి భయం వస్తుంది, రుచి చూడటం మర్చిపోతాం. ఇలా అయితే ఆ బెడద లేదు. నా నిమ్మకాయంత చింతపండు ఇలా చూస్తే 28 గ్రాములు తేలింది. మా అమ్మది 35. ఆవిడ చేసే పులుసు ఎందుకంత పుల్లగా ఉంటుందో నలభై ఏళ్ళకి తెలిసింది.

ఉప్పు విషయంలో ఇంకో మాట. పాత పుస్తకం ఉప్పు అంటే గళ్ళ ఉప్పు. మన ఇళ్ళలో ఇప్పుడు మెత్తటి ఉప్పు. మా ఇంటి గ్లాసుతో తూస్తే గళ్ళ ఉప్పు 180 గ్రాములుంది, మెత్తది 235. గళ్ళ మధ్య గాలి ఉంటుంది కదా. కూరలో అయితే రుచి చూసి సర్దుకుంటాం, ఆవకాయలో సర్దుకోవడానికి ఉండదు. మొదటి ఏడాది సోల ఆవపిండికి సోల కారం, ముప్పాతిక సోల ఉప్పు అని చూసి మెత్తటి ఉప్పు కొలిచి పోశాను. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఆవకాయని పప్పులో నంజుకోలేదు, ఉప్పుకి బదులు పప్పులో వేసుకున్నాం.

సరుకు మారింది, అది పుస్తకం తప్పు కాదు. పుస్తకం అచ్చైన నాటికీ ఇప్పటికీ వంటింట్లో ఏం మారిందో ఒక పేజీ రాసి పుస్తకానికి అతికించుకోండి. నాది ఇలా తయారైంది.

బియ్యం. మనం సోనా మసూరి అనీ, బీపీటీ అనీ కొనేదాంట్లో చాలావరకు బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబ మసూరి, బీపీటీ 5204. అది విడుదలైంది 1986లో. అంతకు ముందు రాసిన పుస్తకంలో "బియ్యానికి రెండింతలు నీళ్ళు" అని ఉంటే అది వేరే బియ్యానికి, పైగా కట్టెల పొయ్యి మీద. కొత్త బియ్యానికి నీళ్ళు తక్కువ, పాతవాటికి ఎక్కువ అన్నది అందరికీ తెలిసిందే. పుస్తకం మాత్రం ఏ బియ్యమో చెప్పదు. పులిహోర చేసే రోజున ముందు అన్నం ఒక్కటే ఒకసారి వండి చూసుకోండి. అన్నం ముద్దయిపోతే పులుసు ఎంత బాగా కుదిరినా 2 పడుతుంది, అన్యాయంగా.

పాలు. ఆవిడ పాలంటే పిండిన గేదె పాలు. పాకెట్‌లో టోన్డ్ పాలు వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ అయితే 6 శాతం. టోన్డ్ పాలతో పాలకోవా చేసి "ఎంత మరిగించినా రాలేదు, పుస్తకం తప్పు" అని రాసుకున్న పేజీ నా దగ్గర ఇంకా ఉంది. పక్కనే సిగ్గుపడుతూ కొట్టివేత కూడా ఉంది.

మిరపకాయలు. ఇది మీకు ముఖ్యం. బెంగళూరు కొట్లలో ఎండుమిరపకాయలు అడిగితే బ్యాడగి ఇవ్వడానికే అవకాశం ఎక్కువ. ముడతలు పడి, రంగు బ్రహ్మాండంగా, కారం తక్కువగా ఉంటాయి. మన పుస్తకంలో "12 ఎండుమిరపకాయలు" అంటే గుంటూరు వైపు సన్నాలు. మా వరంగల్ పక్క చపాటా అని లావు రకం ఉంది, అదీ ఎరుపే కానీ కారం తక్కువ. కందిపచ్చడి బ్యాడగితో చేస్తే చూడ్డానికి నిప్పులా ఉంటుంది, తింటే చప్పగా ఉంటుంది. మీరు వేసిన నాలుగుల్లో ఎన్ని ఇలాంటివో చూసుకోండి.

గోంగూర కూడా అంతే. ఎర్రకాడ గోంగూర పులుపు ఎక్కువ, తెల్లకాడది తక్కువ. పుస్తకం "గోంగూర 2 కట్టలు" అని ఊరుకుంటుంది. కట్ట ఎంతో ఆ కూరగాయలావిడకే తెలియాలి.

రోలు పోయి మిక్సీ వచ్చింది. పచ్చళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు, ఆపి ఆపి తిప్పితే చాలు. గారెలకే చిక్కు. మిక్సీలో పిండి వేడెక్కుతుంది, తిరగడం లేదని మనం నీళ్ళు పోస్తాం, పిండి జారుగా అయి నూనె తాగేస్తుంది. చల్లటి నీళ్ళు, అదీ చెంచాతో చిలకరించి, మూడు నాలుగు విడతల్లో రుబ్బండి. చిన్న ఉండని నీళ్ళలో వేస్తే తేలాలి. పుస్తకంలో ఈ పరీక్ష లేదు. రోట్లో రుబ్బేవాళ్ళకి చేతికే తెలిసిపోతుంది కాబట్టి ఆవిడకి రాయాలని తోచి ఉండదు.

పద్ధతికి మార్కు వేసేటప్పుడు నేను మూడు చూస్తాను. పాళ్ళు సరిపోయాయా? చేసే క్రమం సరిగ్గా ఉందా? పాడైపోయే చోట ముందుగా హెచ్చరించిందా? మూడోదానికే ఎక్కువ బరువు. ఉదాహరణకి బెల్లం పరమాన్నం. పుస్తకంలో "బియ్యము ఉడికిన పిదప బెల్లము వేసి కలియబెట్టి దించవలెను" అని ఉంది. అలాగే చేస్తే పాలు విరిగాయి. మరుగుతున్న పాలలో బెల్లం పడితే విరగడం మామూలే. పొయ్యి ఆపి, వేడి కొంచెం తగ్గాక, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం పోస్తే విరగదు. ఆ ఒక్క వాక్యం లేదు కాబట్టి పద్ధతికి 3. ఇంట్లో వేసింది 5.

రెండు మార్కులు ఎంత దూరంగా ఉండగలవో చూపడానికి అరిసెలే చెప్పాలి. పుస్తకంలో అరిసెల గురించి ఉన్నది సరిగ్గా మూడు వాక్యాలు: బియ్యం నానబోసి దంచి జల్లించాలి, ఉండ పాకం పట్టి పిండి కలపాలి, వత్తి కాల్చాలి. మొదటిసారి పిండిని నీడలో ఆరబెట్టమన్నారేమో అనుకుని బాగా ఆరనిచ్చాను. తడి పోయింది, అరిసెలు గట్టిపడి పలకల్లా తయారయ్యాయి. రెండోసారి పాకం లేతగా దింపాను. నూనెలో వేయగానే విచ్చిపోయి, మూకుడు అడుగున బురదలా చేరింది. అరకిలో నెయ్యి, లీటరు నూనె పోయాయి. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మూడోసారి మా అత్తయ్యగారు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. బియ్యం పూర్తిగా ఒక రోజు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. వడకట్టి బట్ట మీద కాసేపు ఆరబోసి, తడి ఉండగానే పిండి పట్టించాలి. పిండిని పిడికిలితో నొక్కితే ముద్ద నిలవాలి. జల్లించిన పిండి మీద తడిబట్ట కప్పి ఉంచాలి. పాకాన్ని పళ్ళెంలోని చన్నీళ్ళలో వేస్తే వేళ్ళతో మెత్తటి ఉండ అవ్వాలి, పళ్ళేనికి కొడితే టంగుమనకూడదు. టంగుమంటే ముదిరిపోయినట్టే. కిలో బియ్యానికి మాకు 700 గ్రాముల బెల్లం సరిపోయింది. నాలుగోసారి నేనొక్కదాన్నే చేశాను, వచ్చాయి. అప్పుడు వేశాను: పద్ధతికి 2, ఇంటికి 5.

దీనికి పూర్తిగా ఎదురు, అరటిదూట పెరుగుపచ్చడి. దూటని ఎలా చక్రాలుగా తరగాలి, పీచు వేలికి ఎలా చుట్టి తీయాలి, మజ్జిగలో ఎందుకు వేసి ఉంచాలి, అంతా ఎంత చక్కగా రాసిందో ఆవిడ. చదివి చేస్తే ఎవరికైనా వస్తుంది. పద్ధతికి 5. మా ఇంట్లో ఒక్కరూ రెండో ముద్ద తినలేదు. ఇంటికి 1. మీ ఇంట్లో అది 5 కావచ్చు, దానికి నేనేమీ అనను.

తిన్నవాళ్ళ మార్కు ఎలా రాబట్టాలి? "ఎలా ఉంది?" అని అడగకండి. అడిగితే "బాగుంది" అంటారు. మా వారి దృష్టిలో "ఉప్పు సరిపోయింది" అన్నది భారతరత్నతో సమానం, అంతకు మించి ఆయన నోట రాదు. అత్తయ్యగారైతే ఏది పెట్టినా "మంచిగున్నది" అనేవారు. కాబట్టి మాటలు వదిలేసి గిన్నె చూడటం మొదలుపెట్టాను. వారంలోపు ఎవరో ఒకరు తమంతట తాము "అది మళ్ళీ చేయవా" అంటే 5. గిన్నె ఖాళీ అయితే 4. మిగిలింది మర్నాటి పొద్దుటికి అయిపోతే 3. నేనొక్కదాన్నే తిని ముగించాల్సి వస్తే 2. వీధిలో ఆవుకి పెడితే 1. రెండుసార్లు ఆవు కూడా వాసన చూసి వెళ్ళిపోయింది, ఆ వంటల పేర్లు ఇక్కడ చెప్పను.

మీ ఇంట్లో ఇద్దరే కాబట్టి గిన్నె లెక్క కొంచెం కష్టం. అందుకని మీరు ఇంకొకటి చేయండి. మీ ఇంట్లో రోజూ చేసుకునే ఏదో ఒక వంటకి 3 అని ముందే ఖాయం చేసుకోండి. పప్పుచారు అనుకోండి. ఇక ఏ కొత్త వంట చేసినా ఒక్కటే ప్రశ్న: ఈ రోజు దీని బదులు మన పప్పుచారు ఉంటే బాగుండేదా? బాగుండేది అంటే 3 కన్నా తక్కువ. లేదు, ఇదే నయం అంటే 4. ఇలా ఒక మేకు కొట్టి పెట్టుకుంటే మీ 19 నాలుగుల్లో సగం రెండుకో మూడుకో జారిపోతాయి. తీపిని కూరతో, కూరని పచ్చడితో పోల్చకండి. పిండివంటలకి వేరే మేకు ఉండాలి, లేకపోతే బెల్లం పడినవన్నీ 5 కొట్టేస్తాయి.

ఎప్పుడు తిని మార్కు వేశారన్నది కూడా రాసుకోండి. గారె పొయ్యి పక్కన తిన్నప్పుడు ఒకటి, గంట తర్వాత ఇంకొకటి. పులిహోరకి కనీసం రెండు మూడు గంటలు ఊరనివ్వాలి. మీ పుస్తకంలో చేపల పులుసు ఉంటే దానికి మర్నాడు పొద్దునే మార్కు వేయండి, చేసిన రాత్రి వేస్తే దాన్ని అవమానించినట్టే. ఆవకాయకి నేను మూడు తేదీలు పెట్టుకున్నాను: మూడోరోజు తిరగకలిపినప్పుడు, నెలకి, ఆర్నెల్లకి. మూడోరోజు 5 ఉన్నది ఆర్నెల్లకి ముక్క మెత్తబడి 2 అయిన సందర్భం ఉంది. ముక్కకి టెంక లేకుండా కొట్టించిన ఫలితం, ఆ కొట్టినాయన తొందరలో ఉన్నాడు.

గడువు ఎందుకు తీసేయమన్నానంటే, ఒకటి లెక్క. ఒక్కోటి రెండుసార్లు చేయాలంటే 480 వంటలు. ఏడాదిలో ఇద్దరు తినలేరు. నా సలహా వారానికి రెండు కొత్తవి. రెండోసారి చేసేవి మామూలు వంటల్లో కలిసిపోతాయి. అలా 120 వారాలు, అంటే రెండేళ్ళ నాలుగు నెలలు. అందులో తీపి నెలకి ఒకటి దాటనివ్వకండి. నేను దాటించాను, 2012లో డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి "ఏం ఉద్యోగం చేస్తున్నారు?" అని అడిగారు.

రెండోది కాలం. పుస్తకం వరసలో వండితే చలికాలంలో చింతచిగురు పప్పు వస్తుంది, ఎక్కడ తెస్తారు? పుస్తకాన్ని విప్పి నెలలవారీగా కాగితం రాసుకోండి. సంక్రాంతికి అరిసెలు, రేగివడియాలు, చింతకాయ పచ్చడి. ఆ తర్వాత పండుమిరప. ఎండలు మొదలవుతుంటే పనసపొట్టు, చింతచిగురు. మే నెలలో ఊరగాయలు. కార్తీకంలో ఉసిరి. మధ్యలో ఏడాది పొడుగునా దొరికే వంకాయ, దొండకాయ, పప్పులు, చారులు సర్దుకోండి. పనసపొట్టు బెంగళూరులో కొట్టి అమ్మేవాళ్ళు దొరక్కపోతే ఊరు వెళ్ళినప్పటికి వాయిదా వేయండి. దానికోసం ఇంట్లో పనసకాయ మీద కత్తి ఎత్తకండి. ఆ జిగురు ఏ సబ్బుకీ వదలదు, ముందు చేతికి నూనె రాసుకోవాలి.

సగం పాళ్ళలో వండటం గురించి మీరు అడగలేదు కానీ ఇద్దరే అన్నారు కాబట్టి చెబుతున్నాను. కూర సగం చేస్తే ఉప్పు, కారం సగమే. పోపు నూనె మాత్రం సగం చేస్తే ఆవాలు మునగవు, సగం కంటే కొంచెం ఎక్కువే పోయాలి. పులుసు సగం చేసి అదే వెడల్పాటి గిన్నెలో మరిగిస్తే ఇట్టే చిక్కబడిపోతుంది, గిన్నె కూడా చిన్నది చేయండి. పాకం పట్టే వంటలు మాత్రం పావుకిలో బెల్లం కంటే తక్కువతో చేయకండి. లేతకీ ముదురుకీ మధ్య మీకు దొరికే సమయం అర నిమిషం కూడా ఉండదు.

మొదటిసారి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చేయండి, మీకు తప్పని తోచినా సరే. వెల్లుల్లి లేదా, వేయకండి. ఇంగువ ఉందా, వేయండి. మొదటిసారే మార్చేస్తే మార్కు పడేది మీ వంటకి. పుస్తకం సంగతి ఎప్పటికీ తేలదు. ప్రమాదమనిపించే చోట మాత్రం ఆగాలి. మా పుస్తకంలో ఒక చోట ఇంగువ ఒక తులం అని అచ్చైంది. పన్నెండు గ్రాముల ఇంగువ అంటే వీధంతా లేచి వస్తుంది.

వదిలేసిన పదకొండూ ఏమిటంటే, అయిదు వడియాలు, అప్పడాలు. మేము అప్పటికి అపార్ట్‌మెంట్‌కి మారాం, మేడ మీద ఆరబెట్టడానికి ఎవరి అనుమతో కావాలన్నారు. మూడింటికి సరుకే దొరకలేదు. రెండింటిలో కొలతలు అచ్చు సరిగ్గా పడక చదవడం కుదరలేదు. చివరిది పూతరేకులు. బోర్లించిన కుండ మీద జారుగా ఉన్న పిండిని గుడ్డతో ఒక్క విసురున పరవడం పుస్తకం చూసి నేర్చుకునే పని కాదని ఒప్పుకుని, ఆత్రేయపురం వాళ్ళకి వదిలేశాను. ఇంకోటి, ఆ పుస్తకంలో సర్వపిండి లేదు, సకినాలు లేవు, పచ్చిపులుసు లేదు, రాగిసంగటి లేదు. రెండు మూడు జిల్లాల వంటల్ని పట్టుకుని నేను తెలుగువంటంతా చేసేశాననుకున్నాను. అత్తయ్యగారు సకినాలు చుట్టడం చూపించినప్పుడు ఆ గర్వం దిగింది. నా చుట్లు ఆరునెలలకి గానీ గుండ్రంగా రాలేదు.

చివరికి 257లో రెండు మార్కులూ 5 వచ్చినవి 31. ఈ రోజుకీ నేను చేస్తూ ఉన్నవి ఓ నలభై. అందులో పద్ధతికి 2 వచ్చినవి కూడా ఉన్నాయి, వాటి పక్కన నా పెన్సిల్ రాతే పుస్తకం కంటే ఎక్కువ ఉంటుంది. పెన్సిలే వాడండి, పెన్ను వద్దు. పసుపు చేత్తో పేజీ తిప్పకండి అని చెప్పను, తిప్పుతారు.

మీ 19 సంగతి. ఉన్న మార్కులు కొట్టేయకండి, పక్కన "మొదటిసారి" అని రాసి వదిలేయండి. వాటిలోంచి మిరపకాయలు పడేవన్నీ ముందు తీయండి. గుంటూరు సన్నాలు ఊరినుంచి తెప్పించుకుని, ఉప్పు డబ్బా తూచి, ఈ ఆదివారం కందిపచ్చడి మళ్ళీ చేయండి. మీరు పంపిన జాబితాలో ఏడోది, దానికి 4 వేశారు. ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, కంది ఎంతసేపు వేయించారో కూడా.